రొట్టె కాలేలోపు పోయిన కోట

ఇజార్న్ దొర ఒక పనివాడి ప్రాణం నిలబెట్టాడని చెబితే, మా నల్ల కొండల్లో పుట్టినవాళ్ళు ముందు నవ్వుతారు. తర్వాత చెప్పినవాడు ఎంత తాగాడో వాసన చూస్తారు. నేనూ నవ్వాను. వాసన చూడబోయాను కూడా. కానీ చెబుతున్నది రిసెండ. బట్టీ ముందు నిలబడి, పొడుగు చెక్కపారతో రొట్టెలు లోపలికి తోస్తూ చెబుతోంది. అరవై దాటిన మనిషి, పిండి తప్ప ఇంకేమీ అంటని చేతులు.

"నవ్వన్నా, నవ్వు. ఇది విని నవ్వనివాడు ఇంతవరకూ నాకు దొరకలేదు. నాకు మాత్రం ఆ రోజు తెరుచుకున్న నోరు ఇంకా సరిగ్గా మూసుకోలేదు," అంది.

ఆమె ఒకప్పుడు మొంతౌరెల్ కోటలో బట్టీ చూసుకునేది. ఆమె తల్లి కూడా అదే బట్టీ చూసింది. బట్టీ దొరది, కట్టెలు దొరవి, పిండి ఊరివాళ్ళది, చెమట రిసెండది. ఇరవై రొట్టెలకు ఒకటి దొరకు పోతుంది. కాలినవాటిలో ఏది పెద్దదో దొరే వచ్చి ఏరుకునేవాడట.

ఆయన సంగతి కాస్త చెప్పకపోతే తర్వాత జరిగినదాని బరువు తెలియదు. మా వైపు తండ్రి పోతే కోట కొడుకులందరిదీ. గోడలు పగలగొట్టి పంచుకోలేరు గనుక హక్కులు పంచుకుంటారు. ఒకడికి బావి, ఒకడికి బురుజు మీది గది, ఒకడికి గుమ్మంలో సగం. సగం గుమ్మం గలవాడు లోపలికి రావచ్చునా, బయటికి పోవచ్చునా అన్న తగువు ఒకటి కర్కసోన్‌లో ముప్పై ఏళ్ళుగా నడవడం నాకు తెలుసు. లాంబార్దీలో వ్యాపారులకు ఇది చెబితే కడుపు పట్టుకుని నవ్వారు. వాళ్ళు తండ్రి పేరుతో ప్రమాణం చేసే జాతి. మా దొరలు తల్లి పేరుతో చేస్తారు: ఫలానా ఆమె కొడుకు ఫలానావాణ్ణి, అని. తండ్రి ఎవరో ఊరు చెప్పాలి. తల్లి ఎవరో చెప్పడానికి సాక్షులు అక్కర్లేదు. ఇన్ని దేశాలు తిరిగినా ఇంతకంటే తెలివైన పద్ధతి నాకు కనబడలేదు.

బ్రునిసెండ దొరసానికి నలుగురు కొడుకులు. ఇజార్న్ పెద్దవాడు. మీసం రాకముందే ఒక తమ్ముణ్ణి మఠంలో చేర్పించాడు. వచ్చాక ఇంకొకణ్ణి పవిత్ర భూమికి ఓడ ఎక్కించాడు. ఆ తమ్ముడికి సముద్రం పడదని ఊరంతటికీ తెలుసు. మూడోవాడు జోర్దా మాత్రం ఎటూ కదల్లేదు. అన్న బల్ల దగ్గర కూర్చుని అన్న మాంసం తింటూ, అన్ననే తిడుతూ, తన నాలుగోవంతు వాటా పట్టుకుని వేలాడాడు.

ఇజార్న్ దొర ఏలుబడి గురించి పాటలేవీ లేవు. ఒక పాటగాడు ప్రయత్నించాడు. దొర మెచ్చి, అందరూ చూస్తుండగా తన పైదుప్పటి తీసి అతని భుజాన కప్పాడు. పాటగాడు గేటు దాటేలోగా నౌకరును పంపి దాన్ని వెనక్కి తెప్పించుకున్నాడు. కుందేలుకు ఉచ్చు పన్నినవాడికి ఒక చెయ్యి పోయింది. కొండచెట్ల గింజలు పొగబెట్టి ఎండబెట్టే గుడిసెల మీద పొగ లేస్తే పన్ను. చలికాలం పిల్లలు నోటినుంచి ఆవిరి వదులుతుంటే, "మూసుకోరా, దొర చూస్తే పన్నేస్తాడు!" అని తల్లులు అరిచేవారు. ఇంతటివాడికీ ఒక మంచి పేరుండేది. ప్రమాణం తప్పడు. కొడతానంటే కొట్టేవాడు, ఇస్తానంటే, ఆ మాట అరుదుగానే అయినా, ఇచ్చేవాడు. సువార్త మీద చెయ్యిపెట్టి అబద్ధమాడినవాడికి ఆయన దగ్గర క్షమాపణ లేదు.

రిసెండ మొగుడు అమేల్ రాతిపనివాడు. మాటకు ముందు తిట్టు వచ్చే మనిషి. కానీ అతను పేర్చిన గోడలో కత్తి మొన దూరదు. ఒక శీతాకాలం బురుజు తూర్పు మూల కుంగితే, మంచు కరిగేదాకా ఆగమని అమేల్ మొత్తుకున్నాడు. దొర ఆగలేదు. మంచు పట్టిన పరంజా జారింది. అమేల్ కిందపడి నడుము విరిగింది. దొర పైనుంచి తొంగి చూసి అడిగిన మాట రిసెండ చెవిలో ఇప్పటికీ ఉంది.

"రాయి పగిలిందా?"

పగల్లేదు. అదే రాయిని మరునాడు ఇంకొకడు పైకెత్తాడు. అమేల్ నడుము కిందిభాగం మాత్రం మళ్ళీ కదల్లేదు. బట్టీ వెనక కట్టెల కొట్టులో, వెచ్చగా ఉంటుందని, రిసెండ అతనికి గడ్డి పరిచింది. అతను అక్కడే పడుకుని ఆమె కాల్చే ప్రతి రొట్టెకీ వంక పెట్టేవాడు.

ఇప్పుడు ఆ రోజు సంగతి.

మా వైపు ఏ దొర కోటా పూర్తిగా అతనిది కాదు. పైన ఒక పెద్దదొర ఉంటాడు. పెద్దదొర కోపంతో అడిగినా, శాంతంగా అడిగినా కోట అప్పగించాలని ప్రమాణం. అడిగిన రోజున లోపలున్న ప్రాణి ప్రతిదీ బయటికి రావాలి. దొర గేటు దగ్గర నిలబడి, లోపల నా మనిషి ఒక్కడూ లేడని సువార్త మీద చెబుతాడు. పెద్దదొర మనుషులు పైకెక్కి, బురుజు మీద తమ జెండా ఎగరేసి, తమ పేరు మూడుసార్లు కేకవేసి, కిందికొచ్చి తాళాలు తిరిగి ఇచ్చేస్తారు. తర్వాత భోజనాలు. కోట పోతుంది, వస్తుంది; ఈ మధ్యలో ఒక వాయి రొట్టె కాలుతుంది. రిసెండ తల్లి కాలంనుంచీ అంతే. పెద్దదొర మనుషులు గేటు దగ్గరికి రాగానే వాయి లోపల పెట్టి బయటికి వచ్చేవాళ్ళు. వాళ్ళు దిగి వచ్చేసరికి వేడివేడిగా తీసేవాళ్ళు.

జనానికి అదొక తిరునాళ్ళ ఆట అయిపోయింది. ఖాళీ చెయ్యడమంటే నిజంగా ఖాళీ చెయ్యడమని ఎవరికీ గుర్తు లేదు. పాలు చూసే ఫబ్రిస గుడ్లు పొదుగుతున్న కోడిని గంప కింద దాచి వచ్చేది. వంటవాడు నిద్రలేవని మామగారిని ఒకసారి పీపాల వెనక వదిలేశాడు. ఎవరికీ ఏమీ కాలేదు.

ఆ ఏడు పాత పెద్దదొర పోయాడు, కొడుకు వచ్చాడు. కొత్తవాడు కబురంపాడు: కోపంతో అడుగుతున్నాను, అని. ఆ మాట విని ఊళ్ళోవాళ్ళు నవ్వుకున్నారు. "పాపం, ఎవరిమీద కోపమో! కొత్త పెళ్ళాం మీదేమో," అంది ఫబ్రిస.

బయట మోకాలి లోతు మంచు. అంతకుముందోసారి అమేల్‌ను తలుపుచెక్క మీద మోసుకొస్తే వీపు పుండ్లు పగిలి, నెలపాటు మూలిగాడు.

"నన్ను కదపకే. చస్తే ఇక్కడే చస్తాను. నాకేమన్నా జెండా కనబడాలా?"

"ఒక్క ప్రాణి కూడా ఉండకూడదన్నారయ్యా."

"నేను ప్రాణినా? సగం పనిచెయ్యదు. మిగతా సగాన్ని ఫబ్రిస కోడి లెక్కలో వేసుకో."

రిసెండ వాయి బట్టీలో పెట్టింది. మొగుడి మీద గోనెలు కప్పి, వాటిమీద కట్టెలు పేర్చి, అందరితోపాటు బయటికి వచ్చేసింది. "నోరు మాత్రం తెరవకు, నీకు దణ్ణం పెడతాను," అని చెప్పి మరీ వచ్చింది.

గేటు ముందు చర్చి గురువుగారు సువార్త పుస్తకం పట్టుకున్నారు. దొర చేతి తొడుగు తీసి, దానిమీద చెయ్యి వేశాడు. "బ్రునిసెండ కొడుకు ఇజార్న్ అనే నేను చెబుతున్నాను. లోపల నా మనిషి ఒక్కడూ లేడు."

పెద్దదొర పంపిన అధికారి పేరు గౌస్బెర్. సన్నగా, చలికి ముక్కు ఎర్రబడి, పొద్దుటినుంచి ఏమీ తిననట్టున్న మనిషి. పదిమందిని వెంటేసుకుని లోపలికి వెళ్ళాడు. జెండా లేచింది. కేక ఒకసారి వినబడింది. రెండోసారి వినబడింది. మూడో కేక రాలేదు.

"గొంతు పట్టేసిందేమో. తేనె పంపిద్దామా?" అన్నాడు జోర్దా. జనం నవ్వారు. రిసెండ నవ్వలేదు. ఆమెకు రొట్టెల వాసన వచ్చింది. రాకూడని వేళకు వచ్చింది. బట్టీ తలుపు ఎవరో తీశారు.

లోపల జరిగింది తర్వాత అమేల్ చెప్పాడు. బురుజు మీద కేకలేస్తున్న కుర్రాళ్ళకు కిందినుంచి కమ్మని వాసన తగిలింది. ఇద్దరు దిగి వచ్చి బట్టీ తలుపు బార్లా తీశారు. సగం కాలిన రొట్టె మీద చల్లగాలి కొట్టడం అమేల్ భరించలేకపోయాడు. గోనెల కిందనుంచి గట్టిగా అరిచాడు.

"తలుపు మూయండ్రా దున్నపోతుల్లారా! ఇంకా లోపల పచ్చిగా ఉంది!"

ఇద్దరూ కత్తులు పారేసి పరిగెత్తారు, దయ్యమనుకుని. తర్వాత నలుగురు వచ్చి కట్టెలు లాగారు.

అమేల్‌ను గోనెసంచి మీద ఈడ్చుకుంటూ గేటు దగ్గరికి తెచ్చి మంచులో పడేశారు. జనం ఒక్క అడుగు వెనక్కి వేశారు. ఫబ్రిస శిలువ గుర్తు వేసుకుంది. తన కోడి కోసమో, అమేల్ కోసమో తెలియదు. రిసెండ ముందుకు ఉరికి మొగుడి తల ఒళ్ళో పెట్టుకుంది.

గౌస్బెర్ చాలా శాంతంగా మాట్లాడాడు. అదే భయపెట్టిందని రిసెండ అంది.

"దొరవారు ఇప్పుడే ప్రమాణం చేశారు. లోపల మీ మనిషి లేడని."

"లేడు," అన్నాడు దొర.

"మరి ఇతనెవరు?"

ఇజార్న్ దొర కింద పడున్నవాణ్ణి చూశాడు. ఆయన ముఖంలో కోపం లేదు, జాలి లేదు. గుర్తు కూడా లేదు. తన బురుజు కట్టి నడుము విరగ్గొట్టుకున్నవాడు ఎవరో ఆయనకు తెలియదు.

"నా మొగుడు దొరా! నేనే దాచాను. దొరకు తెలీదు. ఎవరికీ తెలీదు. చలిగా ఉందని, వీపు పుండని..." రిసెండ మాటలు ఒకదానిమీద ఒకటి పడ్డాయి.

గౌస్బెర్ తల ఊపాడు. ఆ మాట కోసమే చూస్తున్నట్టు. "అయితే తేలికే. దొర ఆజ్ఞ మీరి లోపల దాక్కున్నవాడు దొంగ. దొర ప్రమాణం మచ్చలేనిదని ఊరందరికీ తెలియాలంటే, దొంగను దొరే బురుజుకు వేలాడదియ్యాలి. తర్వాత మూడో కేక వేస్తాం, తాళాలు ఇచ్చేస్తాం. నా కడుపు కాలుతోంది, భోజనాలకు కూర్చుందాం." వెనక్కి తిరిగి, "తాడు తీసుకురా," అన్నాడు.

నిజం చెప్పాలంటే అతను అడిగిందేమీ వింత కాదు. మా న్యాయం అంతే. నేను చదివిన పాత లాటిను చరిత్రల్లో ఇంతకంటే చిన్నదానికి రాజులు ఊళ్ళకు ఊళ్ళే తగలబెట్టారు. ఇక్కడ అడిగింది ఒక్క మనిషిని, అదీ సగం. ఒకవైపు రెండువందల ఏళ్ళ కోట, పొలాలు, గింజచెట్ల తోటలు, జోర్దా వాటా, పెళ్ళిళ్ళు కావలసిన దొర కూతుళ్ళు. రెండోవైపు గోనె మీద అమేల్. దొర ఏమంటాడో తెలియనివాళ్ళు అక్కడ ఎవరూ లేరు. రిసెండకూ తెలుసు. అందుకే ఆమె దొరను బతిమాలలేదు. మొగుడి మీద పడుకుని, రెండు చేతులా పెనవేసింది. లాగాలంటే ఇద్దరినీ కలిపి లాగాలి.

"లే. నువ్వు బరువే," అన్నాడు అమేల్ కింద నుంచి. పళ్ళు కటకటలాడుతున్నాయి.

తాడు వచ్చింది. దొర తాడు వైపు చూశాడు. గౌస్బెర్ వైపు చూశాడు. తర్వాత అన్నాడు: "నేనే ఉండమన్నాను."

ఎవరికీ వినబడలేదు. వినబడ్డా ఎక్కలేదు. గౌస్బెర్, "ఏమన్నారు?" అన్నాడు.

"వాణ్ణి లోపల ఉండమని నేనే చెప్పాను. వాడు దొంగ కాదు. చెప్పిన పని చేశాడు."

జోర్దాకే ముందు నోరు పెగిలింది.

"అన్నా, నీకు మతిపోయిందా? నువ్వు చెప్పలేదు! వాడి పేరేమిటో చెప్పు చూద్దాం!"

దొర తమ్ముడి వైపు తిరగనే లేదు.

గౌస్బెర్ ముఖం చూడాల్సింది, అంది రిసెండ. అతను బెదిరించడానికి వచ్చాడు. ఒకణ్ణి ఉరితీసి, తిని, వెళ్ళిపోదామని వచ్చాడు. కోట తీసుకురమ్మని అతనికి ఎవరూ చెప్పలేదు. వద్దన్నా చేతిలోకి కోట వచ్చి పడింది. దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు రెండు చేతులూ కొంచెం చాపి నిలబడ్డాడట.

"దొరా, ఆలోచించండి. ఈ మాట సువార్త మీద చెప్పాల్సి ఉంటుంది. చెబితే ఇందాకటి ప్రమాణం అబద్ధం అవుతుంది. కోట మా పెద్దదొరది అవుతుంది. మీరు..." ప్రమాణద్రోహి అన్న మాట పైకి అనలేకపోయాడు.

"తెలుసు. పుస్తకం పట్టుకోండి గురువుగారూ."

"ఇజార్న్, బాబూ, వద్దు," అన్నారు గురువుగారు. దొరను పేరు పెట్టి ఆయన పిలవడం బాప్తిస్మం తర్వాత అదే మొదటిసారి కావచ్చు.

"పట్టుకోండి."

బ్రునిసెండ కొడుకు ఇజార్న్, జీవితంలో ఎన్నడూ ప్రమాణం తప్పనివాడు, అందరూ చూస్తుండగా సువార్త మీద చెయ్యిపెట్టి అబద్ధం చెప్పాడు. అబద్ధమని అక్కడున్న అందరికీ తెలుసు. పుస్తకానికీ తెలుసు. కాని చెప్పినవాడు చెప్పాక చేసేదేముంది? దొర భార్య ఆయన దగ్గరికి నడిచి వచ్చి, చెంప మీద ఒక్కటి కొట్టింది. కూతుళ్ళను తీసుకుని, మంచులో నడుచుకుంటూ పుట్టింటి దారి పట్టింది. గౌస్బెర్ మనుషులు మూడో కేక వేశారు. అది కేకలా లేదు, అడుగుతున్నట్టుంది.

గేటు మూసుకుంది. మళ్ళీ తెరుచుకోలేదు.

ఆ తర్వాత సంగతి రిసెండ మెల్లగా చెప్పింది. కోటలోకి వచ్చిన కొత్తవాళ్ళు తమ బట్టీమనిషిని తెచ్చుకున్నారు. కొండ కింద గింజలు ఎండబెట్టే పాత గుడిసె ఒకటి ఖాళీగా ఉంటే మొగుడూ పెళ్ళాలు అందులో చేరారు. కొత్త అధికారులు పొగకే కాదు, దారికీ, వంతెనకూ, పిట్టలు పట్టే వలకూ పన్ను వేశారు. ఇజార్న్ దొరను తలుచుకుని జనం ఏడవడం మొదలుపెట్టారు. అదీ ఒక విడ్డూరమే. ఆ ఏడుపంతా తిరిగి తిరిగి రిసెండ గుడిసె మీద పడింది.

"నీ మొగుడు నోరు మూసుకుని ఉంటే మా గతి ఇలా ఉండేదా?" అంది ఫబ్రిస.

"నీ కోడి దొరికినా ఇదే గతి."

"నా కోడి 'పచ్చిగా ఉంది' అని అరవదమ్మా!"

సంతకు పోయేవాళ్ళు దారి మళ్ళించుకుని మరీ గుడిసె దగ్గర ఆగేవారు. ఒక కోట ఖరీదు చేసే మనిషి ఎలా ఉంటాడో చూద్దామని. చూసి నిరాశపడేవారు. "ఇంతేనా? కనీసం అందగాడైనా కాదే!" అని ఒకామె మొహంమీదే అంది. అమేల్ మొదట్లో తిట్టేవాడు. తర్వాత గోడవైపు తిరిగి పడుకునేవాడు. తర్వాత తిండి తగ్గించాడు.

"నన్నెందుకు దాచావే?" అనేవాడు. "నేను ఆ లెక్కకు సరిపోను. ఎంత లాగినా సరిపోను."

రిసెండకు భయమేసింది. తాడునుంచి తప్పించిన ప్రాణం గోడవైపు తిరిగి పోయేట్టుంది. బలవంతంగా నోట్లో పెట్టేది. కావాలని రొట్టె మాడ్చేది. వంక పెడతాడేమోనని. మాడినదాన్ని మాట్లాడకుండా తినేవాడు. అది ఆమెకు అన్నిటికంటే పెద్ద దెబ్బ. దొర ఎందుకలా చేశాడో తెలిస్తే మొగుడు లేచి తింటాడని ఆమెకు ఒక నమ్మకం పట్టుకుంది. ఊరు రకరకాలుగా చెప్పింది. అమేల్ బురుజు మీదినుంచి పడ్డప్పుడు దొర చేసిన పాపానికి ప్రాయశ్చిత్తమని గురువుగారు. మతి చలించిందని జోర్దా. చంపడమే పాపమని చెప్పే, చర్చికి గిట్టని 'మంచి మనుషుల' బోధ రహస్యంగా విన్నాడని ఇంకొకరు. రిసెండతో ఏదో సంబంధం ఉందని ఫబ్రిస. "అప్పుడు నా వయసెంత, నా నడుమెంత, అన్నా! ఆ పుకారు పుట్టించినదానికి దణ్ణం పెట్టాలి," అంది రిసెండ, ఆ వయసులోనూ కాస్త మురిసిపోతూ.

కొన్నేళ్ళు గడిచాయి. ఒక ఆకురాలు కాలంలో, సన్నటి వాన పడుతుండగా, గుడిసె గుమ్మంలో ఒక ముసలివాడు నిలబడ్డాడు. గాడిద కూడా లేదు. చెప్పులకు తాడు కట్టుకున్నాడు. బావమరుదుల ఇళ్ళలో, తర్వాత కుష్ఠురోగుల సత్రంలో తలదాచుకుంటున్నాడని విన్నారుగానీ, రిసెండ ముందు గుర్తుపట్టలేదు. రొట్టెల్లో ఏది పెద్దదో అని చూసే ఆ చూపునుబట్టి గుర్తుపట్టింది.

"దొరా!"

"వాడున్నాడా ఇంకా?" అన్నాడు ఇజార్న్ దొర.

లోపలికి వచ్చి గడ్డి పక్కన చతికిలబడ్డాడు. అమేల్‌ను కింది నుంచి పైకి చాలాసేపు చూశాడు. "వీడా?" అన్నాడు చివరికి. సంతలో గొర్రెను చూసినట్టు. "ఇంకాస్త పెద్దవాడనుకున్నాను."

అమేల్ గోడవైపు నుంచి ఇటు తిరిగాడు. ఎన్నో నెలల తర్వాత. "ఎందుకు చేశారు దొరా?"

రిసెండ గరిటె పట్టుకుని కదలకుండా నిలబడింది.

దొర గడ్డం గోక్కున్నాడు. "నాకే తెలీదోయ్. ఆ అధికారి నా గుమ్మంలో నిలబడి, నా మనుషుల ముందు, తాడు తీసుకురా అన్నాడు. నా ఇంట్లో తాడు తెమ్మనడానికి వాడెవడు? ఒళ్ళు మండింది. నోరు తెరిచాను. అదొచ్చింది. రెండోసారి ఎందుకన్నానంటే, మొదటిసారి అన్నాను గనక." చెప్పుకు కట్టిన తాడు బిగించుకున్నాడు. "ఆ రాత్రంతా ఏడ్చాను. నీ కోసం కాదు, నీ పేరు కూడా తెలీదు. మళ్ళీ ఆ గేటు దగ్గర నిలబెడితే నిన్ను ఉరితీయిస్తాను. అబద్ధమెందుకు, నా చేత్తోనే తీస్తాను."

ఇంత దూరం నడిచి వచ్చి, ఈ మాట చెప్పడానికా? చావబోతున్నవాడి ముందు? రిసెండ మొగుడివైపు చూడలేకపోయింది.

అమేల్ గొంతులోంచి ఏదో చప్పుడు వచ్చింది. దగ్గనుకుని ఆమె ఉరికింది. దగ్గు కాదు. నవ్వుతున్నాడు. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి.

"అంటే నా కోసం కాదా?"

"నీ కోసమా! నీ మొహం ఎప్పుడన్నా చూసుకున్నావా?"

"మరి ముందే చెప్పొచ్చుగా దొరా! ఇన్నేళ్ళు కోటంత బరువు మోయించారు. నేనైతే మొదటిసారికే నన్ను ఉరితీసేవాణ్ణి."

"అదే కదా అంటున్నాను!"

ఇద్దరూ నవ్వారు. సత్రం ముసలివాడూ, నడుము లేనివాడూ, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని నవ్వారు. రిసెండకు కోపమో ఆశ్చర్యమో అర్థం కాలేదు. గేటు దగ్గర మొగుడి మీద పడుకున్నది ఆమె. ఫబ్రిస నోరు భరించింది ఆమె. నమిలి నోట్లో పెట్టింది ఆమె. ఆ ప్రాణం నిలబెట్టడానికి ఇంత పనీ చేసింది ఆమె ఒక్కతేనని, వీళ్ళిద్దరికీ అది హాస్యమని, అప్పుడు తెలిసింది.

"నోళ్ళు మూయండి ఇద్దరూ!" అని అరిచింది. మొగుడి మీద రోజూ అరిచేదే. దొర మీద మాత్రం జీవితంలో అదొక్కసారే అరిచింది.

ఇద్దరూ మూశారు. దొర కళ్ళు తుడుచుకున్నాడు. తర్వాత తల వంచుకుని, పొయ్యి మీద కుండవైపు దొంగచూపు చూస్తూ, "ఉల్లిగడ్డ పులుసా?" అన్నాడు.

"పోశావా?" అని నేను అడిగాను.

రిసెండ పారతో ఒక రొట్టె బయటికి లాగి, అడుగు తట్టి చూసి, మళ్ళీ లోపలికి తోసింది.

"పోశాను. వానలో వచ్చాడు కదన్నా. నేను పోస్తుంటే మా ఆయన వెనకనుంచి, 'అందులో ఉప్పు చాల్లేదు' అన్నాడు. రుచి కూడా చూడలేదు. నేను గిన్నె అక్కడే పెట్టేసి బయటికొచ్చి, వానలో కూర్చుని ఏడ్చాను. మళ్ళీ తింటాడని తెలిసింది."

తిన్నాడు. తర్వాత తొమ్మిదేళ్ళు తిన్నాడు, వంక పెట్టకుండా ఒక్కపూట కూడా తినలేదు.